ప్రదర్శనకు చెక్కలు కావలెను

మీ ఊళ్లో ఏదైనా కళ ఇంకా బతికే ఉందా? అయితే ఆలస్యం చేయకండి. వెంటనే దాన్ని పట్టుకుని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయండి. బతికున్న కళంత ప్రమాదం మరొకటి లేదు. అది చప్పుడు చేస్తుంది, చెమటలు కారుస్తుంది, చెప్పిన టైముకు ఆగదు, పైగా మంచినీళ్లు అడుగుతుంది. బీరువాలో ఉన్న కళకు ఈ దుర్గుణాలు ఒక్కటీ లేవు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు, అనుభవించి అంటున్నాను. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య హైవే పక్కన మాకో విశ్వవిద్యాలయం వెలిసింది. ఈ ఏడాది వాళ్లు కళల సీజన్ పెట్టారు. మామిడిపండ్లకు సీజన్ ఉన్నప్పుడు కళలకు ఉండకూడదా? ఒకవైపు ఆడిటోరియంలో నాట్యాలు, నాటకాలు, కచేరీలు. మరోవైపు కొత్తగా కట్టిన మ్యూజియం. ఆ సీజన్ సలహా సంఘంలో నేనూ సభ్యుణ్ణి. నా కాలమ్‌ను ఎవరో చదువుతున్నారని ఆ రోజే నాకు తెలిసింది. సలహా ఎవరూ అడగలేదు గానీ టీ అడగకుండానే ఇచ్చారు. సలహా సంఘానికి అంతకన్నా ఏం కావాలి!

ప్రారంభోత్సవం చూసి నా కడుపు నిండిపోయింది. వేదిక మీద పెద్దల కుర్చీలు అటు గోడ నుంచి ఇటు గోడ దాకా వేశారు. నాట్యం చేయాల్సిన పిల్లలకు చోటు మిగల్లేదు. వాళ్లు వేదిక కింద, స్పీకర్ బాక్సుల వెనకాల చేశారు. ముందు వరుసలో కూర్చున్న నాకు అప్పుడప్పుడూ ఒక చెయ్యి కనపడేది. ఆ చెయ్యి మాత్రం చాలా బాగా ఆడింది. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి, నేటి సమాజం కళలకు సమయం కేటాయించడం లేదని మధ్యాహ్నం దాకా బాధపడ్డారు. వాళ్ల బాధ పూర్తయ్యేసరికి కళలకు సమయం అయిపోయింది.

మరి ప్రేక్షకులు? దానికీ ఉపాయం ఉంది. విద్యార్థులందరినీ లోపలికి పంపి, అటెండెన్స్ వేసి, తలుపులు మూశారు. కళాభిమానం అనేది తలుపు గడియలో ఉందని నాకు అంతవరకూ తెలియదు.

ఇక ఆళ్లగడ్డ శిల్పి వెంకటేష్ సంగతి వినండి. రాతిని చెక్కి చూపించమని పిలిచారు. పాపం, లారీలో బండ వేసుకుని ఉలి, సుత్తి పట్టుకుని వచ్చాడు. తీరా చూస్తే ఏసీ హాలు, నున్నటి ఫ్లోరింగు. దుమ్ము లేవకూడదు, సౌండ్ రాకూడదు, మిగతాది మీ ఇష్టం అన్నారు.

"సుత్తి లేకుండా చెక్కాలంటే మాటల్తోనే చెక్కాల సార్. ఆ పని మీకొస్తాది, నాకు రాదు," అన్నాడు వెంకటేష్.

దాంతో బండను అలాగే నిలబెట్టి, పూలదండ వేసి, పక్కన చెక్కుతున్న వీడియో పెట్టారు. సాయంత్రానికి ఎవరో బండకు కుంకుమ పెట్టారు. మరునాడు కొబ్బరికాయ కొట్టారు. ఉలి తగలకుండానే ఆ రాయి దేవుడైపోయింది. "ఈ లెక్కన మాకు పనే లేదప్పా," అని వెంకటేష్ ఉత్త లారీతో ఆళ్లగడ్డకు పోయాడు. కళాకారుడికి ఇంత విశ్రాంతి ఇచ్చిన కాలం చరిత్రలో ఉందా?

ఇంత మంచి సీజన్‌లో మా పెద్దమ్మ వచ్చి చిక్కు తెచ్చిపెట్టింది. కాదు కాదు, తప్పు పెద్దమ్మది కాదు, తెలుగు భాషది.

సీజన్ డైరెక్టర్ గాయత్రి గారు ఒకరోజు నన్ను పిలిచారు. మంచి మనిషి, కళలంటే ప్రాణం. "ఆదినారాయణ గారూ, మీ ఊరి వైపు చెక్కభజన ఉందట కదా. పాత చెక్కలు దొరికితే ప్రదర్శనకు కావాలి," అన్నారు.

ప్రదర్శన! మన భాష ఎంత పొదుపరిదో చూడండి. ఆడి చూపించినా ప్రదర్శనే, ఆడకుండా బీరువాలో పెట్టి చూపించినా ప్రదర్శనే. గాయత్రి గారు ఒకటి అన్నారు, నేను ఇంకొకటి విన్నాను. మాట ఒకటే కాబట్టి ఇద్దరం తృప్తిగా టీ తాగాం.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, రామమ్మ. గోస్పాడు దగ్గర పల్లెలో ఉంటుంది. మా తాత చెక్కభజన గురువు. చేతికి తగిలించుకుని ఆడించే కొయ్యముక్కలే చెక్కలు. వాటికి ఇత్తడి బిళ్లలుంటాయి, అడుగుకో మోత మోగుతాయి. తాత పోయాక ఆయన చెక్కలు పెద్దమ్మ చేతికొచ్చాయి. ఆమె ఆడవాళ్లందరినీ పోగేసి, మిగతా చెక్కలు అరువు తెచ్చి జట్టు కట్టింది. ఆ ఊళ్లో శనివారం వచ్చిందంటే టీవీలు ఆపేసుకోవాల్సిందే, ఎలాగూ వినపడవు.

నేను ఫోన్ చేశాను. పెద్దమ్మకు విషయం చెప్పాను.

"యూనివర్సిటీలోనా? స్టేజీ మీదనా?"

"ఆ, పెద్దమ్మా. ప్రదర్శన."

"నాయన బతికినన్నాళ్లూ వీధిలోనే ఆడినాడ్రా. మైకున్న తావుకు ఎవురూ పిల్చలేదు. నాయన చెక్కలు ఒక్కసారి మైకులో మోగాల, నేను వినాల. అంతే నాకు."

"చెక్కలు ముందు పంపమంటాండారు. మనుషులు తర్వాత రావొచ్చు."

"చెక్కలు ముందుపోయి ఆడ ఏం చేస్తాయిరా?"

"ఏదో ఏర్పాటు ఉంటాదిలే," అన్నాను. సలహా సంఘం సభ్యుడు తెలియదని అనకూడదు కదా.

యూనివర్సిటీ కారు వచ్చింది. పెద్దమ్మ చెక్కలను ఎర్రగుడ్డలో చుట్టి డ్రైవరు చేతిలో పెట్టి, బ్రేకులు మెల్లగా వెయ్యమని చెప్పింది. ఆ తర్వాత జట్టంతా అరువు చెక్కలతో రోజూ సాధన చేశారు. ఒకే రంగు చీరలు తీశారు. ప్రదర్శన రోజున గజ్జెలు కట్టుకుని మరీ ఆటోల్లో దిగారు. అరువు చెక్కలు అరువిచ్చిన వాళ్లకు తిరిగిచ్చేశారు. స్టేజీ మీద పెద్దమ్మ నాయన చెక్కలుంటాయి, మిగతావి యూనివర్సిటీవాళ్లు ఇస్తారని వాళ్ల నమ్మకం. అంత పెద్ద యూనివర్సిటీలో చెక్కలుండవా?

చెక్కలున్నాయి. మ్యూజియంలో, అద్దం వెనకాల, మెత్తటి వెల్వెట్ మీద, చిన్న బల్బు వెలుగులో తళతళలాడుతున్నాయి. కింద ఒక బోర్డు. పెద్దమ్మ కళ్లజోడు తేలేదు కాబట్టి నేనే చదివి వినిపించాను.

"చెక్కలు. కాలం: అంతరించినది. వాడినవారు: తెలియదు. తాకరాదు."

పెద్దమ్మ బోర్డు వైపు చూసింది, చెక్కల వైపు చూసింది, నా వైపు చూసింది.

"తెలియదంటే ఏందిరా? నేనీడనే నిలబడుకోని ఉండా గదా?"

అని అద్దం మీద చెయ్యి వేసింది. అంతే, ఎక్కడో కుయ్యిమని అలారం మోగింది. మా పెద్దమ్మను చూసి భయపడి అరిచిన మొదటి యంత్రం అదే.

గాయత్రి గారు పరుగెత్తుకొచ్చారు. "అమ్మా, ఇప్పుడవి ఆబ్జెక్టులు."

"ఏందీ?"

"అంటే వస్తువులమ్మా."

"ముందు గూడా వస్తువులే గదమ్మా. తాళం తియ్యి, ఆడాల."

"ఆడటమా? ప్రదర్శన అంటే ఇదేనండీ," అని గాయత్రి గారు బీరువాను చూపించారు. అప్పుడు అందరూ కలిసి నన్ను చూశారు. నేను పైకప్పులోని లైట్లను చూశాను. చాలా మంచి లైట్లు.

ఆ క్షణంలోనే నాకు జ్ఞానోదయమైంది. మ్యూజియం ఎంత గొప్ప వరం! బయట ఉంటే చెక్క అరుగుతుంది, బిళ్ల ఊడుతుంది. ఇక్కడ చెద పట్టదు, చెమట అంటదు. ఎవరూ ఆడించరు కాబట్టి అపశ్రుతి అసలే రాదు. ఇదంతా పెద్దమ్మకు వివరించాను.

"నువ్వు గూడా పోయి దాంట్లో కూచో పో. నీకూ చెద పట్టదు," అంది పెద్దమ్మ.

గాయత్రి గారు నొచ్చుకుని, జట్టునంతా ఆడిటోరియంలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీద ఒక పండితుడు 'అంతరించిన చెక్కభజన' అని ఉపన్యాసం ఇస్తున్నారు. దూరం నుంచి వచ్చారు. ఈ కళను ఆడేవాళ్లు ఈ ప్రాంతంలో ఒక్కరైనా మిగల్లేదని చెబుతూ గొంతు బొంగురు చేసుకున్నారు. ముందు వరుసలో పెద్దమ్మ కాలు మీద కాలు వేసింది, గజ్జెలు ఘల్లుమన్నాయి. పక్కామె సర్దుకుంది, మళ్లీ ఘల్లు. పండితుడు ఉపన్యాసం ఆపి, "దయచేసి ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి," అన్నారు.

తర్వాత సన్మానాలు. పండితుడికి ఒక మెమెంటో, అధ్యక్షుడికి ఒకటి, సలహా సంఘంలో ప్రతి ఒక్కరికీ ఒకటి. ఇంకా రాని పెద్దలు వస్తారేమోనని వాళ్ల పేర్లతో బల్ల నిండా పేర్చి ఉన్నాయి. మీరు మెమెంటో చూసే ఉంటారు. అరచేయంత చెక్కపలక, దాని మీద బంగారు రంగు రేకు. నాది తీసుకుని పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె దాన్ని లాక్కుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేందిరా?"

"చెక్క మీద నా పేరు పెద్దమ్మా."

"చెక్కనే గదా," అంది. లేచి బల్ల దగ్గరికి పోయి ఇంకొకటి తీసింది. రెండూ చెరో చేత్తో పట్టుకుని ఒక్కటి కొట్టింది. టక్కుమంది. దెబ్బకు రేకు సగం ఊడి గలగలమంది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. బిళ్లలు కూడా ఉన్నాయి!

జట్టంతా లేచింది. బల్ల ఖాళీ అయింది. వేదిక మీద ఎలాగూ కుర్చీలే కాబట్టి వాళ్లు కింద గుండ్రంగా తిరిగారు. నా పేరు గలగలమంటోంది, పండితుడి పేరు గలగలమంటోంది, రాని పెద్దల పేర్లు కూడా గలగలమంటున్నాయి. వెనక వరుసల్లో పిల్లలు ఫోన్లు జేబుల్లో పెట్టుకుని కుర్చీలెక్కారు. కొందరు దిగి జట్టులో కలిసి అడుగులు తప్పులేశారు, పెద్దమ్మ చేత తిట్లు తిన్నారు, మళ్లీ వేశారు. లోపలివాళ్లు బయటికి పోకుండా వేసిన తలుపులను బయటివాళ్లు లోపలికి రావడానికి బాదుతున్నారు. పండితుడు మాత్రం తన కాగితాల్లో అంతరించిన అనే మాట దగ్గర వేలు పెట్టి అలాగే నిలబడిపోయారు. నేను ఎగిరాను. నా వయసు అడగకండి, ఎగిరాను.

అంతా అయ్యాక పెద్దమ్మ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "బాగానే ఉండాది. కానీ ఇది నాయన మోత కాదు. మైకూ పెట్టలేదు," అని ఆటో ఎక్కింది. అప్పుడు మాత్రం నాకు ఏ జ్ఞానోదయమూ కాలేదు. బాధే కలిగింది.

చెక్కల కోసం ఆఫీసు చుట్టూ తిరిగాను. బయటికి తీయాలంటే కమిటీ కూర్చోవాలన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందంటే, కుర్చీలన్నీ ఆడిటోరియం వేదిక మీద ఉన్నాయన్నారు.

ఇంతలో గాయత్రి గారే ఫోన్ చేశారు. "ఆదినారాయణ గారూ, మీ కలం ప్రదర్శనకు కావాలి."

దెబ్బతిన్నవాణ్ణి కదా, ముందే అడిగాను. "ఆడించేదా, నిలబెట్టేదా?"

"నిలబెట్టేదే సార్. చేత్తో రాసేవాళ్లు అంతరించిపోతున్నారు కదా."

నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. అద్దాల బీరువా ఎంత గొప్పదో ఇందాకటి నుంచి మీకు నేర్పుతున్నది నేనే. అయినా కలాన్ని గట్టిగా పట్టుకున్నాను. నాకు చెద పట్టినా పర్వాలేదనిపించింది.

"బీరువా ఖాళీ ఉందా?" అన్నాను.

"లేదు సార్. పాతది ఒకటి తీస్తేనే చోటు."

కలం ఇచ్చేశాను. చెక్కలు తెచ్చేసుకున్నాను. కొత్త వస్తువు పెట్టడానికి పాతది తీయాలంటే కమిటీ అక్కర్లేదట. బోర్డు కూడా కొత్తది చేయించలేదు, మొదటి మాటొక్కటే మార్చారు. "కలం. కాలం: అంతరించినది. వాడినవారు: తెలియదు. తాకరాదు." వాడినవాణ్ణి పక్కనే నిలబడి చదువుకున్నాను. తెలియదు అన్న మాట చూపించి గాయత్రి గారిని అడిగితే, "టెంప్లేట్ సార్," అన్నారు. ఆ క్షణంలో పెద్దమ్మ అద్దం మీద చెయ్యి ఎందుకు వేసిందో నాకు పూర్తిగా అర్థమైంది. నేనూ వేశాను. అలారం మోగింది.

గోస్పాడు వైపు బస్సెక్కి చెక్కలు పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆమె ఎర్రగుడ్డ విప్పి, వాటిని చీర చెంగుతో తుడిచింది.

"మరి నువ్వు దేంతో రాస్తావ్?"

"రాయను పెద్దమ్మా. నేను అంతరించినా."

"అంతరించేదేందిరా? నోరుండాది గదా. చెప్పు, ఎవురన్నా రాసుకుంటారు."

అందుకే, పాఠక మహాశయులారా, ఈ కాలమ్‌ను నేను రాయడం లేదు. పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లోని మైకులో చెబుతుంటే ఫోనే టైపు చేసుకుంటోంది. ఏం చెబుతున్నావని పెద్దమ్మ అడిగింది. ఫోన్‌కు మైకుంది పెద్దమ్మా, అన్నాను. ఆమె చెక్కలు చేతికి తగిలించుకుని వచ్చి దగ్గరగా కూర్చుంది. ఇక నా మాట వినపడదు. ఫోను ఆమె మోతను ఏ భాష అనుకుందో గానీ, ఇలా రాస్తోంది.

చెక్ చెక్ చెక్కచెక్ చెక్ చెక్ చెక్కచెక్ చెక్ చెక్ చెక్కచెక్

ఈ వాక్యాన్ని అచ్చుతప్పు అనుకుని కొట్టేయవద్దని ఎడిటర్ గారికి మనవి. బోర్డు కావాలంటే మాత్రం నేనే చెబుతాను, పెట్టుకోండి.

చెక్కలు. కాలం: ఇప్పుడు. వాడుతున్నవారు: రామమ్మ.