ప్రశాంతంగా ఏడ్చేవారి వరుస

కన్నీరు ద్రవపదార్థం. ద్రవపదార్థం కనుక అది విమానాశ్రయ నిబంధనల కిందికి వస్తుంది. ఇంతకాలం మా దీవిలో ఈ సంగతి ఎవరికీ తోచకపోవడం, టెర్మినల్ బయట మెట్ల మీద నిలబడి ఎవరికి వచ్చినంత వాళ్ళు ఏడ్చేసి జీప్నీ అనే జనం బండి ఎక్కి వెళ్ళిపోవడం, పరిపాలన అనేది ఉన్న దేశంలో జరగవలసిన పని కాదు.

ఈ లోటు బయటపడడానికి కారణం డాక్టర్ పెర్లా గుంబన్. ఆమె పరిశోధన కన్నీటి గ్రంథిలోని కణాల మీద. నరం వెంట కబురు వస్తుంది. కణం దాన్ని గడప దగ్గరే అందుకుంటుంది. లోపల కాల్షియం పెరుగుతుంది. దాంతో కణం చిన్న చిన్న సంచుల్లో దాచుకున్న సరుకును నీళ్ళతో సహా బయటికి వదిలేస్తుంది. అంతా రెప్పపాటు పని. (మధ్యలో ఎక్కడా సంతకం లేదు. అందుకే రెప్పపాటు.) ఉల్లిపాయ కోస్తే వచ్చే కన్నీటికీ, మనిషి వెళ్ళిపోతుంటే వచ్చే కన్నీటికీ కణం లోపల కబురు ఒకే దారిన నడుస్తుందా అన్నది ఆమె ప్రశ్న. ఉల్లిపాయలు ప్రయోగశాలకు వస్తాయి. వెళ్ళిపోయే మనుషులు రారు. అందుకని విమానాశ్రయంలో ఒక బల్ల వేసుకోనివ్వమని అర్జీ పెట్టుకుంది.

ఆమె అడిగింది బల్ల. వచ్చింది ఒక విభాగం. దాని పేరు దుఃఖ స్రావాల నియంత్రణ విభాగం. దాని అధికారి పల్మారెస్ గారు అంతకుముందు ఎండుచేపల ఎగుమతి చూసేవారు కనుక ఉప్పు విషయంలో అనుభవం ఉన్న మనిషి.

బయట దుమ్ము కాబట్టి బల్ల టెర్మినల్ లోపలే ఉండాలని విభాగం మొదటి ఉత్తర్వు ఇచ్చింది. లోపలికి టికెట్టు ఉన్నవాళ్ళనే వదులుతారు. మా దగ్గర ఒక్కరు కువైట్ వెళ్తే పంపడానికి జీప్నీ నిండా జనం వస్తారు. ఏడ్చేది ఆ జీప్నీ. టికెట్టున్న మనిషికి ఏడ్చే తీరిక ఉండదు, పాస్‌పోర్టు ఏ సంచిలో పెట్టామా అని వెతుక్కుంటూ ఉంటుంది. బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. విభాగం దీర్ఘంగా ఆలోచించి, ఏడవదలచినవారికి లోపలికి పాసు మంజూరు చేసింది.

ఆ కబురు సంతలో బియ్యపు రొట్టెలు అమ్మే తిబుర్సియాకు అందింది. ఆమె కూతురు మారివిక్ కువైట్‌లో ఎవరి పిల్లల్నో పెంచడానికి వెళ్తోంది. పాసు ఉంటే గాజు తలుపు అవతల ఇంకో అరగంట కూతురి పక్కన కూర్చోవచ్చు. కన్నీళ్ళదేముంది, అవి ఎలాగూ ఉన్నాయి.

"లోపలికొచ్చి ఏం చేస్తావు నానాయ్?" అని అమ్మను అడిగింది మారివిక్.

"ఏడుస్తా. గవర్నమెంటు అడిగింది."

"నీకు ఒకళ్ళు అడగాలా? టీవీ చూసి ఏడుస్తావు, కోడి చచ్చిపోతే ఏడ్చావు."

"అది గుడ్లు పెట్టే కోడే!"

తిబుర్సియాను వృద్ధుల వరుసలో నిలబెట్టారు. వృద్ధులకు అన్నిటా ఇరవై శాతం తగ్గింపు ఉంటుంది కనుక ఆమె అయిదు చుక్కలకు బదులు నాలుగు ఇస్తే చాలన్నారు. ఇక మిగిలింది అంగీకార పత్రం. ఏడుస్తూ చేసిన సంతకం చెల్లదు. మనసు నిలకడగా ఉందని అధికారి స్వయంగా చూసి నిర్ధారించాలి.

"ప్రశాంతంగా ఉన్నారా నానాయ్?" అని అడిగారు పల్మారెస్, మా దీవిలో పెద్దామె ఎవరైనా అందరికీ నానాయే కనుక.

"ఉన్నాను సార్."

"ముక్కు ఎర్రగా ఉందే?"

"ఎండండీ. మా జీప్నీకి పైన చిల్లు."

"గడ్డం వణుకుతోంది."

"అది నా గడ్డమే సార్. దానికి అలవాటు."

సంతకం అయింది. సంతకం తర్వాత మనసు మార్చుకోవడానికి అరగంట గడువు. ఆ గడువులో దుఃఖకారకం, అనగా మారివిక్, దాతకు దగ్గరగా ఉండరాదు. ఉంటే స్రావం సేకరణ గొట్టంలో పడకుండా లెక్కలోకి రాకుండా చెంపల మీద వృథా అవుతుంది. కాబట్టి తల్లిని ఈ చివర కుర్చీలో, కూతుర్ని ఆ చివర కుర్చీలో కూర్చోబెట్టి, మధ్యలో ఒక గార్డును నిలబెట్టారు.

"నానాయ్! నీ బీపీ మాత్రలు బియ్యం డబ్బా పక్కన పెట్టా!" అని అరిచింది మారివిక్.

"అలాంటివి చెప్పకే! ఏడుపొస్తే మళ్ళీ మొదట్నించి సంతకం పెట్టమంటారు!"

"మరేం చెప్పను?"

"వాన సంగతి చెప్పు!"

"వానెక్కడ పడింది?"

"అందుకే చెప్పమంటున్నా!"

గార్డు అటు తిరిగి గోడ చూస్తూ నిలబడ్డాడు. డాక్టర్ గుంబన్ చేతిలో గాజు గొట్టంతో పల్మారెస్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, కబురు అందాక కణాన్ని ఆపకూడదు. ఇలా ఆపితే నేను చూడ్డానికి ఏమీ మిగలదు. ఆ పిల్లని తల్లి పక్కన కూర్చోనివ్వండి."

"ఎండుచేప వాసన కూడా ఆగదనే అన్నారు డాక్టరమ్మా. ఆపాం."

విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. మారివిక్ లేచి ఇటువైపు రెండడుగులు వేసింది. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. (అడ్డం పెట్టినందుకు 'సారీ చెల్లెమ్మా' అన్నాడు. అది నిబంధనల్లో లేదు.)

"నానాయ్, వెళ్తున్నా!"

"వెళ్ళు వెళ్ళు, తలుపేసేస్తారు. నవ్వుతూనే ఉన్నా, చూడు!"

నిజంగానే నవ్వుతూ ఉంది. మారివిక్ మలుపు తిరిగిపోయాక కూడా ఆ నవ్వు అలాగే ఉంది, గడువు ఇంకా పూర్తికాలేదు కనుక.

విమానం లేచిన కాసేపటికి ఆమె నంబరు పిలిచారు. డాక్టర్ గుంబన్ గొట్టాన్ని ఆమె కంటి కింద ఆనించింది.

"నానాయ్, ఇప్పుడు ఏడవచ్చు."

తిబుర్సియా కళ్ళు పెద్దవి చేసి, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"ఏడుస్తూనే ఉన్నాను కదా డాక్టరమ్మా. రావట్లేదా?"

గొట్టం పొడిగా ఉంది. పల్మారెస్ చెడ్డ మనిషేమీ కాదు. చాలాసేపు ఓపిక పట్టి, మెల్లగా, "ఉల్లిపాయ తెప్పించమంటారా?" అని అడిగారు.

డాక్టర్ గుంబన్ గొట్టం జేబులో పెట్టుకుని, తిబుర్సియా చెయ్యి పట్టుకుని బయట మెట్ల దాకా తీసుకువెళ్ళింది. జీప్నీలో వాళ్ళంతా ఏడ్చేసి, మొహాలు తుడుచుకుని, ఆమె కోసమే చూస్తున్నారు. "ప్రభుత్వానికి ఎంత ఇచ్చావు?" అని ఎవరో ఎగతాళి చేశారు. ఆమె ఎక్కి కూర్చుంది.

విభాగం తన వార్షిక నివేదికను సకాలంలో సమర్పించింది. ఏడాది పొడుగునా వందలమంది ప్రశాంతంగా సంతకాలు చేశారు. సేకరించిన కన్నీరు శూన్యం. దీవి నుంచి మనుషులు వెళ్ళిపోవడం వల్ల ఎవరికీ బాధ లేదని శాస్త్రీయంగా రుజువైనందున, వచ్చే నెల నుంచి మరో రెండు విమానాలు వేస్తున్నారు.