ముసలామెకు ఊపిరి నిలవని బుధవారం

బుధవారం పొద్దున్నే కన్సెప్టా పిన్ని జుట్టు చేయించుకోవడానికి బస్సెక్కిందో లేదో, మలకీ వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి కన్సర్టినా విప్పాడు. క్లేర్ జిల్లాలో జీవితమంతా బస్సు నడిపి రిటైరైన ఈ బ్రహ్మచారికి ఇంట్లో ఉన్నది పిన్ని ఒక్కతే. రెండు చేతుల మధ్య ఇమిడే ఆ ఆరు పలకల వాయిద్యం ఆమె పడుచుదనంలో వాయించినది. గాలి తిత్తి చిరిగి ఏనాడో అటకెక్కింది. పిన్నికి తెలియకుండా బాగుచేసి, ఆదివారం ఆమె పుట్టినరోజుకి చేతిలో పెట్టాలని మలకీ ఆశ. గాలి తగిలితే స్వరం పలికే ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటే తీసి, తుడిచి, ఏ బొత్తానివి ఆ వరసలో పేర్చుకుంటున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు.

తిత్తి దగ్గర చిక్కొచ్చింది. ఎన్నిస్ పట్నంలో వాయిద్యాలు బాగుచేసే టర్లోకి ఫోన్ చేశాడు. టర్లోకి చెవుడు. ఆ పనిచేసేవాడికి చెవుడేమిటని ఎవరూ అడగరు గానీ, ఫోన్‌లో మాత్రం అరవాలి.

"ముసలామె పని అయిపోయేట్టుందయ్యా! ఊపిరి బొత్తిగా నిలవట్లేదు. ఇందాక కాస్త నొక్కి చూస్తే ఓ మూలుగు మూలిగి ఊరుకుంది. ఆ... పెట్టెకేం! పెట్టె బ్రహ్మాండంగా ఉంది, పాలిష్ పెడితే చాలు. నేనిప్పుడే బయల్దేరుతున్నా!"

గుడ్లు ఇచ్చి పోదామని వచ్చిన పక్కింటి అట్రాక్టా కిటికీ అవతల నిలబడిపోయి, శిలువ గుర్తు వేసుకుంది. ఆ వెంటనే మలకీ కారు దూసుకుపోవడం కూడా చూసింది. అట్రాక్టా చాడీలు చెప్పే మనిషి కాదు. కాకపోతే, కబురు ఆలస్యం చేయడం పాపమని నమ్మే మనిషి.

మేక తోలు కొనుక్కుని మలకీ తిరిగొచ్చేసరికి రోడ్డు మలుపుదాకా కార్లు నిలిచి ఉన్నాయి. గుమ్మంలో ఎవరో అతని చేయి పట్టుకుని, "విన్నాం మలకీ. ఎంత కమ్మని గొంతయ్యా ఆమెది!" అన్నారు. కబురు టర్లో చెప్పి ఉంటాడనుకున్నాడు మలకీ. ఒక పాత కన్సర్టినా కోసం ఊరంతా కదిలి రావడం క్లేర్‌లో వింతేమీ కాదు. అతనికి కళ్ళు చెమర్చాయి.

ఆ ఊరి చావింటి ఆచారం ప్రకారం అట్రాక్టా అప్పటికే అందరికీ టీలూ శాండ్‌విచ్‌లూ అందించింది. ఫాదర్ డెక్లన్ టీ కప్పుతోనే ఎదురొచ్చాడు. "నువ్వు లేకుండా గది తలుపు తీయడం బావుండదని ఆగాం నాయనా. చాలా బాధపడిందా?"

"బాధేముంది ఫాదర్! పక్కలు కాస్త చిరిగాయంతే. మేక తోలు తెచ్చాను, అతికించేస్తా."

ఫాదర్ టీ కప్పు పక్కన పెట్టేశాడు. "మేక తోలా? ఎవరికి?"

"ముసలామెకే. పొద్దున మరలు విప్పి, లోపలివన్నీ తీసి వంటింటి బల్ల మీద పేర్చిపోయాను. చూళ్ళేదా?"

ఇంట్లో నమలడాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అందరి చేతుల్లోనూ ఆ బల్ల మీది శాండ్‌విచ్‌లే.

అప్పుడే కాలీఫ్లవర్ లాంటి కొత్త జుట్టుతో కన్సెప్టా పిన్ని లోపలికొచ్చింది. "ఎవరు పోయార్రా?"

"నువ్వే," అంది అట్రాక్టా, కాస్త నిష్ఠూరంగా.

"నేనా? ఎప్పుడే?"

"పొద్దున్నే. కిటికీలోంచి నా చెవులారా విన్నాను."

"నాకొక్క ముక్క చెప్పారు కాదు. అనవసరంగా జుట్టుకి డబ్బు తగలేశాను!"

నవ్వులు చల్లారేసరికి మలకీ జరిగిందంతా చెప్పాడు. రహస్యం ఎలాగూ పోయింది, పనైనా మిగిలిందనుకుంటూ బల్ల వైపు చూసి నీరుగారిపోయాడు. "నా రీడ్లేవి?"

"ఆ ఇత్తడి ముక్కలా?" అట్రాక్టా బిస్కెట్ల డబ్బా తెచ్చి గలగల ఊపింది. "హ్యామ్ పెట్టడానికి చోటు చాలక ఇందులోకి ఊడ్చేశాను."

మలకీ కుర్చీలో కూలబడ్డాడు. అన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి. ఏది ఎక్కడిదో ఇక ఆ దేవుడికే తెలియాలి. ఆదివారం మాట దేవుడెరుగు, ఈ జన్మకి ఆ పెట్టె పలకదు.

పిన్ని ఖాళీ పెట్టెను కాసేపు నిమిరింది. తర్వాత డబ్బాలోంచి ఒక రీడు తీసి, పెదవుల మధ్య పెట్టి గాలి పీల్చింది. అది సన్నగా పలికింది.

"ఇది ఎడమ చేతి చూపుడు వేలిదిరా, ఒరేయ్. రాసుకో!"

మరుక్షణం డబ్బా చుట్టూ జనం మూగారు. వాళ్ళలో సగం మంది కన్సర్టినా వింటూ పెరిగినవాళ్ళే. పరామర్శకొచ్చిన నోళ్ళన్నీ రీడ్లు పీల్చడం మొదలుపెట్టాయి. "నాది పైది!" "నీ మొహం, అది కిందిది!" అంటూ పోట్లాట. అట్రాక్టా టీలు పోస్తూ తిరిగింది. మలకీ ఓ మూల కూర్చుని తిత్తికి తోలు అతికించాడు. పొద్దున మానేసిన ఈల మళ్ళీ ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు.

జిగురు ఆరేదాకా ఎవరూ కదల్లేదు. సాయంత్రం పిన్ని కన్సర్టినా అందుకుని, "పుట్టినరోజుకి మళ్ళీ ఇద్దువుగాన్లే, అప్పుడూ ఆశ్చర్యపోతా," అని మలకీకి హామీ ఇచ్చింది. ఒక పాత నాట్యగీతం ఎత్తుకుంది. వేళ్ళు మొదట తడబడ్డాయి. ఆ తర్వాత ఇంట్లో ఒక్క కాలూ నేల మీద ఊరికే లేదు.

ఒక్క బొత్తాం మాత్రం ఎన్నిసార్లు నొక్కినా అపస్వరమే పలికింది. అక్కడి రీడేదో తేల్చింది ఫాదర్ డెక్లన్ కనుక, ఆ అపస్వరం పాటలోనే ఉందని అందరూ ఒప్పుకున్నారు.