జంపఖానా వెనక ముగ్గురు

మడికొండలోని ఆ చిన్న కంపెనీలో తలుపులు, తాళాలు, కార్డులు చూసుకునేది కుమారస్వామి. భద్రత ఎలా ఉందో పరీక్షించడానికి ఆ వారంలో ఎవరో చెప్పకుండా వస్తారని కబురు. ఆ పరీక్ష తప్పితే పెద్ద కాంట్రాక్టు పోతుంది, దాంతోపాటు తన ఉద్యోగమూ పోతుంది. అందుకే ఆ పొద్దున హసన్‌పర్తిలోని ఇంట్లో ఇస్త్రీ చొక్కా మార్చుకుని మరీ బయల్దేరాడు. ఆఫీసు తలుపు తెరిచే కార్డు పాత చొక్కాకే ఉండిపోయింది.

అద్దాల తలుపు అవతల కొత్తగా చేరిన సుహాసిని కనిపించింది.

"తలుపు తియ్యమ్మా. కార్డు ఇంట్ల మర్శిన."

"కార్డు లేకపోతే దేవుడొచ్చినా తియ్యద్దని నువ్వే జెప్పినవ్ గదన్నా!"

చెప్పిన మాట నిజమే. ఈ పిల్ల ఇంత బాగా వింటుందని ఆయన అనుకోలేదు. కోపం వచ్చింది, ముచ్చటా వేసింది.

అదనపు కార్డులు లోపల ఆయన సొరుగులో ఉన్నాయి. సొరుగు తాళంచెవి ఆయన జేబులో ఉంది. తలుపు కింద సందు ఉండొద్దని రబ్బరు పట్టీ వేయించింది కూడా ఆయనే. తాళంచెవి కోసం లోపల పనిచేసుకుంటున్న వినయ్ గబగబా బయటికొచ్చాడు, వెనకాలే తలుపు మూసుకుంది.

"అయ్యో, నా కార్డు టేబుల్ మీదున్నదే!"

వాళ్ళిద్దరినీ చూసి నవ్వుకుంటూ, ఇంకో ఉద్యోగిని దీప కూడా బయటికొచ్చింది. ఆమె కార్డు లోపల టిఫిన్ సంచిలో ఉంది. తలుపు మళ్ళీ మూసుకుంది, ఆమె నవ్వు ఆగింది.

మెడలో కార్డున్నది సుహాసినికొక్కదానికే. "తాళంచెవి నేనొచ్చి తీసుకుంట. మీరు మెట్ల దాకా జరుగుండ్రి. లేకుంటే సందుల దూరుతరు," అంది.

ముగ్గురూ బుద్ధిగా జరుగుతుండగా, చుట్టచుట్టిన జంపఖానా భుజాన వేసుకుని ఒక పెద్దాయన రొప్పుతూ మెట్లెక్కాడు. "కొత్తవాడ నుంచి, డైరెక్టర్ గారికి," అంటూ గేటు దగ్గరిచ్చిన కార్డు తాకించాడు. తలుపు తెరుచుకుంది. ఎదుటివాడు బరువు మోస్తుంటే చేతులు కట్టుకుని నిలబడడం కుమారస్వామికి చేతకాదు.

"జర ఆగు పెద్దాయనా, నేను పట్టుకుంట!"

ఆయన ఒక పక్క పట్టుకున్నాడు. వినయ్, దీప కూడా చెయ్యి వేశారు. జంపఖానా సగం లోపలికి వెళ్ళేసరికి సుహాసిని అడ్డం నిలబడింది.

"కార్డు పెట్టినాయన రావొచ్చు. ఎనకోళ్ళు వదిలిపెట్టుండ్రి."

"కింద పడ్తది పిల్లా!"

"పడనీ అన్నా, దులుపుకోవచ్చు."

జంపఖానా దబ్బున పడింది. పెద్దాయన దాన్ని లోపలికి లాక్కున్నాడు, తలుపు మూసుకుంది, వెనక ముగ్గురూ బయటే మిగిలారు. పెద్దాయన నడుం నిటారు చేసి నవ్వాడు.

"పరీక్షకొచ్చింది నేనేనమ్మా. దీన్ని మోసుకుని ఎన్ని ఆఫీసులకు వెళ్ళానో. అన్నిచోట్లా నా వెనక మనుషులు దూరారు. ఆపింది నువ్వొక్కదానివే. మీ ఆఫీసు పాసయింది."

కుమారస్వామి కళ్ళు చెమర్చాయి. పోయిందనుకున్న ఉద్యోగం ఆ పిల్ల మొండితనం వల్లే నిలబడింది.

"మా సుహాసిని సార్! ట్రైనింగ్ నేనే ఇచ్చిన!" అన్నాడు గర్వంగా.

ఆ మాట కూడా ఆయన అద్దం అవతల నుంచే చెప్పాడు.