మా గోల్‌కీపర్‌కు బంతి పట్టడం రాదు!

ఒక ఫుట్‌బాల్ జట్టు బాగుపడాలంటే అందులో బాగా ఆడేవాళ్లంతా ఏటా ఎండాకాలంలో వేరే కాలేజీకి వెళ్లిపోవాలి. నవ్వకండి! ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా కాలేజీ ఫుట్‌బాల్ గురించి పేపర్లో వారం వారం రాస్తున్న ఏకైక విశ్లేషకుణ్ణి నేనే. రెండోవాడెవడైనా ఉంటే ఈపాటికి నాతో గొడవకు వచ్చి ఉండేవాడు.

నా అర్హతలేమిటని అడుగుతారేమో. బడిలో చదివేటప్పుడు ఒకసారి బంతిని తన్నాను. బంతి ఉన్నచోటే ఉంది, నా చెప్పు వెళ్లి గోల్‌లో పడింది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరైనా వివరిస్తుంటే ఇప్పటికీ తెలిసినట్టు తలాడిస్తాను. అయితే మాత్రం? ఇంద్రేశంలో మా పొలాలన్నీ ప్లాట్లయ్యాక నాకూ పొద్దుపోవాలి కదా! ఎదురింటివాళ్లు కుక్కను పెంచుకున్నారు, నేను కాలమ్‌ను పెంచుకున్నాను.

నేను రాసేది మా సర్కారు డిగ్రీ కాలేజీ అమ్మాయిల జట్టు గురించి. వాళ్ల గ్రౌండు ఒక ఫ్యాక్టరీ ప్రహరీని ఆనుకొని ఉంటుంది. సగం గ్రౌండులో ఆట, మిగతా సగంలో లారీలు వెనక్కి తిప్పుకోవడం. గాలి అటునుంచి వీచిందంటే మా పిల్లలు ముక్కుకు చున్నీ బిగించుకొని పరుగెత్తుతారు. అలవాటు లేని అవతలి జట్టు దగ్గుతూ కూలబడుతుంది. దీన్నే హోమ్ అడ్వాంటేజ్ అంటారని పోయినేడు నేనే కనిపెట్టి రాశాను.

ఇక అసలు విషయానికి వద్దాం. పరీక్షలు అయిపోగానే హైవే పక్కనున్న అద్దాల మేడ ప్రైవేటు కాలేజీ నుంచి ఒక వ్యాను ఊళ్లమీదికి బయలుదేరుతుంది. ఫీజు లేదు, బస్సు ఫ్రీ, కొత్త బూట్లు! మా స్ట్రైకర్ వచ్చి టీసీ అడుగుతుంది. ఆమె వెనకాలే డిఫెండర్. కాలేజీలు తిరిగి తెరిచేసరికి జట్టులో మిగిలేది విజిల్ ఒక్కటే. అది కూడా ఆటలు నేర్పే పీడీ మేడం మెడలో ఉంటుంది కాబట్టి!

దీన్ని చూసి కొందరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నాకైతే ఇదంతా వరంలాగే కనిపిస్తుంది. ఎందుకంటారా? అవతలి జట్టు మన వ్యూహాన్ని ముందే పసిగట్టాలంటే మనకు ఒక వ్యూహమంటూ ఉండాలి. పోయిన ఏడాది మొదటి మ్యాచ్‌కు మా పిల్లల్లో సగంమందికి మిగతా సగంమంది పేర్లు తెలియవు. మాకే తెలియని జట్టును శత్రువు ఏం స్టడీ చేస్తాడు?

పైగా ఓటమి అన్నదే ఉండదు. అదే ఏడాది ఫైనల్లో మా మీద హైవే కాలేజీ గెలిచింది. ఎవరు గెలిచినట్టు? జెర్సీ వాళ్లది, పిల్లలు మావాళ్లు. కప్పు వాళ్ల అద్దాల బీరువాలో పెట్టుకుంటే మాకు దుమ్ము దులిపే పని కూడా తప్పింది. ఇంతకన్నా ఏం కావాలండీ?

మా పీడీ ప్రేమలత మేడంకు మాత్రం కొంచెం ఇబ్బంది. ఏటా కొత్త పేర్లు నేర్చుకోవాలి, పాతవి నోట్లోంచి పోవు. ఆ ఫైనల్లో మేడం ఉద్వేగం పట్టలేక, "పుష్పా, ముందుకు ఉరుకు!" అని అరిచింది. పుష్ప అంతకుముందు ఏడాది మా స్ట్రైకర్. మేడం గొంతు వినగానే అవతలి జట్టు బెంచీ మీద నుంచి పుష్ప లేచి నిలబడింది. తరువాత తాను ఎవరి బెంచీ మీద ఉందో గుర్తొచ్చి కూర్చుంది. గ్రౌండంతా నవ్వింది, నేను కూడా నవ్వాను.

ఈ బదిలీల్లో నా పాత్ర చిన్నదేమీ కాదు. ఏటా సీజన్ ముగియగానే 'వచ్చే ఏటి ఆశాకిరణాలు' అని ఒక కాలమ్ రాస్తాను. అందులో నేను ఎవరి పేరు రాస్తే వాళ్ల ఇంటిముందు వ్యాను ఆగాల్సిందే. ఇంత కచ్చితమైన ప్లేస్‌మెంట్ రికార్డు ఏ ఇంజినీరింగ్ కాలేజీకైనా ఉందా? చూపించండి!

ఈ సంగతి నాకు చెప్పినవాడు మధుబాబు. హైవే కాలేజీ స్పోర్ట్స్ కోఆర్డినేటర్. ఎంత ఎండలో తిరిగినా ఇన్‌షర్ట్ చెదరని మనిషి. మా కాలేజీ గేటు ఎదుట యాదన్న టీ హోటల్లో నన్ను వెతుక్కుంటూ వచ్చి చేతులు జోడించాడు.

"సార్, మాకు వేరే స్కౌటింగ్ ఎందుకండీ? మీ కాలమ్ చాలు!" అన్నాడు.

చెప్పొద్దూ, నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. వాళ్ల యాన్యువల్ డేకు పిలిచి సోఫాలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఫుట్‌బాల్‌కు నేను చేసిన సేవకట. అప్పట్నుంచి ఆ శాలువా నా బీరువాలో ఉంది, ఇంటికి ఎవరొచ్చినా ఏదో వెతుకుతున్నట్టు బీరువా తలుపు తీస్తాను.

మధుబాబును ఒకసారి అడిగాను. "పుష్పను అంత ఇష్టపడి తీసుకెళ్లారు కదా, ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదేమండీ?"

"మాకు స్ట్రైకర్లు ఇప్పటికే ఎక్కువ సార్. ఇంకో కాలేజీవాళ్లు ఎగరేసుకుపోతారని తీసుకున్నాం," అన్నాడు సంతోషంగా. "అయినా ఖాళీగా ఏం లేదు సార్, ఫ్లెక్సీలో వేశాం!"

వేశారు, నిజమే! పటాన్‌చెరు చౌరస్తాలో 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న అక్షరాల పక్కన బంతిని తన్నుతూ పుష్ప నిలువెత్తున వెలిగిపోయింది. అడ్మిషన్లు అయిపోయాక ఫ్లెక్సీ దిగింది. మన దగ్గర ఫ్లెక్సీకి చావు లేదని మీకు తెలిసిందే. నాయకుడి పుట్టినరోజు దాటగానే అది వడ్లమీద కప్పే పట్టా అవుతుంది, బర్రెల కొట్టానికి గోడ అవుతుంది. పుష్ప ఫ్లెక్సీ యాదన్న చేతికి చిక్కింది. హోటల్ ముందు బెంచీలకు ఎండ తగలకుండా దాన్ని పైన కట్టేశాడు.

ఒకరోజు పుష్ప ఆ దారిన పోతూ టీకి ఆగింది. గ్లాసు చేతిలో పట్టుకొని పైకి చూసింది. ఎండకు రంగు వెలిసి జెర్సీ ఏ కాలేజీదో గుర్తుపట్టేలా లేదు.

"గా ఫొటోల తన్నిందే ఆఖరు సార్," అంది నాతో. "మల్ల బంతి ముట్టలే."

అని నవ్వేసింది. ఆ పూట నాకు టీ సయించలేదు. యాదన్న చక్కెర తక్కువేసి ఉంటాడని సరిపెట్టుకున్నాను.

ఈ ఏడాది మళ్లీ ఆశాకిరణాల కాలం వచ్చింది. జట్టులో కిరణం ఒక్కటే మిగిలింది, గోల్‌కీపర్ మహిత. కర్దనూర్ పిల్ల. తండ్రి మొగులయ్య ఒకప్పుడు కూలికి పోయేవాడు, ఇప్పుడు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. నేను కాలమ్‌కు మంచి మంచి విశేషణాలు ఏరి పెట్టుకుంటుంటే ఆ పిల్ల మోకాళ్ల నిండా మట్టితో యాదన్న హోటల్‌కు వచ్చి నా ఎదుట నిలబడింది.

"సార్, ఈసారి పేపర్ల నా పేరు రాయకుర్రి," అంది.

"అదేంది బిడ్డా? రాయమని బతిమాలేటోళ్లను చూసిన గని, వద్దనేటోళ్లను చూడలే."

"మీరు రాస్తె ఆ వ్యాను మా ఇంటికొస్తది. ఇంటి ముందరికి బస్సంటే మా నాయిన సరే అంటడు. ఆయన తప్పేం లేదు సార్. రాత్రి డ్యూటీ దిగి, కండ్లు మూతలు వడుతున్నా నన్ను బండి మీద దింపి పోతడు. నేను గా బస్సు వద్దని ఏ మొఖం వెట్టుకొని చెప్తా? వాళ్లు అడగకుంటనే మంచిది."

"మంచి కాలేజే కదనే..."

"గాడ ఇద్దరు కీపర్లున్నరు. నన్ను బెంచి మీద కూసోవెడ్తరు." పైన వేలాడుతున్న పుష్పను ఒకసారి చూసింది. "నేను ఫొటోల దుంకను సార్. నేను ఆడాలె!"

"మరి నీ గురించి ఏం రాయమంటవు?"

"నాకు బంతి పట్టరాదని రాయుర్రి."

రాశాను! పోయినవారం మీరంతా చదివే ఉంటారు. మహితకు బంతి కుడివైపు వస్తే ఎడమవైపు దూకే అలవాటుందని రాశాను. పైనుంచి వచ్చే బంతిని చూస్తే కళ్లు మూసుకుంటుందని, ఆమెకన్నా గోల్ దగ్గర ఒక నీళ్ల డ్రమ్ము పెట్టుకోవడం మేలని రాశాను. రాస్తుంటే చేతికి భలే ఊపొచ్చింది. పొగిడేటప్పుడు ఎన్నడూ ఇంత ధారగా రాయలేదు.

యాదన్న పేపరు చదివి నెత్తి కొట్టుకున్నాడు.

"ఎంత పని జేస్తివి సారూ! నువ్వు గెలుస్తదన్న టీం ఎన్నడన్న గెలిచిందా? చాంపియన్ అయితదన్న పిల్ల కాలు ఇరగ్గొట్టుకునె. నువ్వు పనికిరాదన్నవంటే ఆ పిల్ల బంగారమని చిన్న పోరలకు గూడ ఎరుకే. సూడు, గా మధుబాబు ఇయ్యాలో రేపో దిగుతడు."

ఇన్నేళ్ల నా విశ్లేషణకు ఇంత లోతైన విశ్లేషణ ఎవరూ చేయలేదు. అన్నట్టే మరునాటి సాయంత్రం ప్రాక్టీసుకు మధుబాబు వచ్చాడు. ఇన్‌షర్ట్ చెదరకుండా గోల్ పక్కన నిలబడ్డాడు.

మహిత నన్ను చూసింది. నేను మధుబాబు వైపు కళ్లు తిప్పి గడ్డం గోక్కున్నాను. ఆ పిల్లకు విషయం అర్థమైంది.

మొదటి బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చింది. మహిత కాళ్ల మధ్య నుంచి వెళ్లనిచ్చింది. రెండోది కుడివైపు వచ్చింది. నేను రాసింది రాసినట్టుగా ఎడమవైపు దూకింది. నా రాతకు ఇంత విలువ ఇచ్చిన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు! ఈ కుట్ర సంగతి తెలియని ప్రేమలత మేడం, "ఏందే మహితా, నిద్ర వోతున్నవా?" అని గట్టిగా కేకేసింది. మధుబాబు పెదవి విరిచి బండి తాళం జేబులోంచి తీశాడు.

ఇక గండం గడిచినట్టే. అప్పుడే ఎవరో పిల్ల దూరం నుంచి ఒక్క తన్ను తన్నింది. బంతి నేరుగా గోల్ పైమూలకు పోతోంది. అది ఎవరికీ అందే బంతి కాదు, వదిలేసినా ఎవరికీ అనుమానం రాదు. ఊరికే నిలబడితే చాలు!

మహిత నిలబడలేకపోయింది. గాలిలోకి లేచింది, రెండు చేతులతో బంతిని అందుకుంది, లారీ టైర్లు చేసిన గుంతలో బోర్లా పడింది. లేచేటప్పుడు బంతి కడుపుకు హత్తుకొని ఉంది. జట్టంతా కేకలు పెట్టింది. నేను కూడా అన్నీ మరిచిపోయి చప్పట్లు కొట్టాను, దాచిపెట్టి లాభం లేదు.

మహిత బంతిని చూసుకుంది. తరువాత మధుబాబును చూసింది.

"అయ్యో, నా చేతులు వాడుగాను!" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను.

మధుబాబు అప్పటికే ఫోన్‌లో ఫొటో తీసేశాడు. "సార్, ఫ్లెక్సీకి ఈ ఫోజు అదిరిపోతుంది!" అన్నాడు. సోమవారం వ్యాను కర్దనూర్ పోతుందట.

ఇంటికి పోతూ మహిత నా దగ్గర ఆగింది. "ఇగ ఇప్పుడేం రాస్తరు సార్?"

అన్నింటికీ నా దగ్గర ఒక అభిప్రాయం ఉంటుంది. ఈసారి మాత్రం పేపర్లో చూసుకొమ్మని ఆ పిల్లను పంపేశాను. ఇంటికొచ్చి బీరువా తెరిచాను. శాలువాను చూస్తే ఉపాయం తట్టింది.

పాఠకుల్లారా, బదిలీలు వరమన్న నా మాటకు నేను కట్టుబడే ఉన్నాను. అందుకే ఈ సీజన్ బదిలీలకు నా పేరే ఇస్తున్నాను. మధుబాబు గారూ, నన్ను తీసుకోండి! బెంచీ మీద కూర్చోవడంలో నన్ను మించిన ఆశాకిరణం ఈ జిల్లాలో లేదు. యాదన్న హోటల్ బెంచీని అడిగితే చెబుతుంది. ఆడనివ్వలేదని నేను ఏనాడూ అలగను, నాకు ఆట రాదు కాబట్టి. బస్సు ఇంద్రేశం దాకా వస్తే చాలు. ఫ్లెక్సీకి కావాలంటే శాలువా కప్పుకొని బంతిమీద కాలు పెట్టి నిలబడతాను. అడ్మిషన్లు అయిపోయాక నన్ను ఎటు కట్టాలో యాదన్నతో మాట్లాడేశాను. పడమటి ఎండ అటువైపే ఎక్కువట.

మహితను మాత్రం గోల్ ముందే ఉండనివ్వండి. ఎంత పెద్ద ఫ్లెక్సీ కట్టినా, అందులో ఆ పిల్ల దగ్గరికి ఒక్క బంతీ రాదు.