తగినంత దీనంగా

గౌను ఇస్త్రీ చేయాలా వద్దా అన్న విషయమై ఆ ఉదయం ఇంట్లో పోట్లాట జరిగింది. వద్దన్నది వీధి మొత్తానికి బట్టలు ఇస్త్రీ చేసి బతికే ఇంటాయన కావడం గమనార్హం.

“నలిగి ఉండనీవే. వచ్చేది విచారణాధికారి, పెళ్లివారు కాదు.”

“ముడతలు చూస్తే మీ పనికే చెడ్డపేరండీ.”

పదేళ్ల కూతురు నడవడానికి బలంలేని కాలికి కట్టే ఇనుప క్యాలిపర్ మూడేళ్ల నాటిది. కాలు పెరిగింది, ఇనుము పెరగలేదు. పట్టీ ఒరుసుకుని మడమ పైన పుండు పడింది. కొత్తది కొనడం ఇస్త్రీ బండివల్ల అయ్యేది కాదు. సంక్షేమ శాఖవారు ఉచితంగా ఇస్తారు. కుటుంబం తగినంత దీనంగా ఉన్నదని వారి అధికారి కళ్లారా చూసి ధ్రువీకరిస్తే చాలు.

చివరికి గౌను నలిపారు. డిగ్రీ పాసైన ఇల్లాలు ఆ పనీ శ్రద్ధగానే చేసింది. ముడతలు రెండువైపులా సమానంగా వచ్చాయి. గోడమీది తన పట్టా తీసి మంచం కింద దాచింది. పక్కింటి పిన్నిగారి దగ్గర సొట్ట గ్లాసు అడిగి తెచ్చింది.

“గ్లాసుకి సొట్టుంటే చాలదే అమ్మాయ్, మొహానికీ కాస్త ఉండాలి” అని ఆవిడ ఉచిత సలహా ఇచ్చింది.

తీరా తెచ్చాక దాన్ని తోమకుండా ఉండలేకపోయింది ఇల్లాలు. సొట్టతో సహా అది తళతళలాడింది.

అధికారి వచ్చారు. మంచినీళ్లు తాగి గ్లాసు శుభ్రతను మెచ్చుకున్నారు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి పిల్లను పంతొమ్మిదో ఎక్కం అడిగారు. వారం రోజులుగా దీనంగా ఉండటంలో తర్ఫీదు పొందిన పిల్ల, ఎక్కం దగ్గర మటుకు వాళ్లమ్మ కూతురైపోయింది. గడగడా అప్పజెప్పి నవ్వింది.

అధికారి చలించిపోయారు. “చూడమ్మా, ఇంతటి ఆత్మవిశ్వాసం గల బిడ్డకి సాయం చేయడమంటే ఆ బిడ్డని అవమానించడమే. ఆ పాపం మా శాఖ ఎన్నటికీ చేయదు” అని ప్రసంగించి, ‘అవసరం కనబడలేదు, వచ్చే ఏడాది పునఃపరిశీలించవచ్చు’ అని రాసుకుని వెళ్లారు. మీరూ నేనూ అక్కడుంటే చప్పట్లు కొట్టేవాళ్లమే. కష్టాల్లో నవ్వే పిల్లలంటే మనకు అంత ఇష్టం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రి నెమ్మదిగా అన్నాడు. “ఎక్కం వచ్చినా రానట్టు ఉండొచ్చుగా తల్లీ.”

“దాన్నంటారేం, నేర్పింది నేనైతే” అంది తల్లి, గరిటె అందుకుంటూ.

పిల్ల కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. “నాకింక చాలమ్మా. వచ్చే ఏడాది వాళ్లొచ్చేదాకా పెరగకూడదనుకున్నా.”

గరిటె ఆగింది. ఇన్నాళ్లకి ఇంట్లో ఒకరికి ఆచరణయోగ్యమైన ఉపాయం తట్టిందని ఆ తల్లికి ఒక్క క్షణం నిజంగానే అనిపించింది.