ప్రమాణాలకు విరుద్ధమైన చివరి అధ్యాయం

పుస్తకం అంటే ఏమిటో మానవజాతికి నిన్నమొన్నటి దాకా తెలియదు. అట్ట, కాగితాలు, కాగితాల మీద అక్షరాలు, ఇంతేననుకుని శతాబ్దాల పాటు అమాయకంగా చదివేసింది. ఈ ఘోరమైన పొరపాటును కేంద్ర గ్రంథాలయం కనిపెట్టి, సరిదిద్దే బాధ్యతను భుజాన వేసుకుంది.

కొత్త కేటలాగు ప్రమాణం ప్రకారం అసలైనది రికార్డు. పుస్తకమంటే ఆ రికార్డు భూమ్మీద కనిపించే రూపాల్లో ఒకటి, అంతే. (మిగతా రూపాలు ఎక్కడున్నాయని ఒక ఉద్యోగి అడిగాడు. ఆయన్ని పాత పేపర్ల విభాగానికి మార్చారు.) పాత ఫార్మాట్‌లో పుస్తకం పేరు, రచయిత, పేజీలు, ఏ అరలో ఉంది, ఇవి రాస్తే సరిపోయేది. కొత్త ఫార్మాట్ అంత తేలిగ్గా తృప్తి పడదు. పుస్తకంలో ఎవరెవరున్నారు, ఒకరికొకరు ఏమవుతారు, ముఖ్య ఘటన ఏమిటి, దానికి బాధ్యులెవరు, అన్నిటికీ గడులున్నాయి. ఏ గడీ ఖాళీగా ఉండరాదు. ‘తెలియదు’ అని రాస్తే కంప్యూటర్ ఒప్పుకోదు. ‘ఎవరూ లేరు’ అని రాస్తే గడి ఎర్రబడి, ఎందుకు లేరో చెప్పమంటుంది.

మొదట్లో పని చకచకా సాగింది. రైళ్ల టైం టేబుల్‌కి ముఖ్య ఘటన ‘ఆలస్యం’ అనీ, బాధ్యులు ‘వాతావరణం’ అనీ నింపారు. పశువుల వ్యాధుల పుస్తకంలో ముఖ్యపాత్ర పేరు అడిగితే, కేటలాగు మేడమ్ తన పెద్దమ్మగారి ఆవు పేరు ఇచ్చి పరువు నిలబెట్టారు. నిఘంటువులో మాటలన్నీ ఒకదానికొకటి ఏమవుతాయో తేల్చే పని మాత్రం ఇంకా నడుస్తోంది.

ఈలోగా, రికార్డు మారని పుస్తకాలన్నిటినీ ‘తాత్కాలికంగా లేనివి’గా ప్రకటించారు. అరలు ఉన్న చోటే ఉన్నాయి. పుస్తకాలూ అరల్లోనే ఉన్నాయి. పాఠకులు వాటిని చూడవచ్చు. చూశామని చెప్పుకోకూడదు.

సరిగ్గా ఇలాంటి సమయంలో ఒక అత్తగారికి గుండె ఆపరేషన్ ఖాయమైంది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల మాటలు సగం విని వదిలేయడంతోనే సరిపోయింది. అందుకే రిటైరయ్యాక ఇక దేన్నీ సగంలో వదలకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఇప్పుడు చేతిలో రెండు భాగాల డిటెక్టివ్ నవల ఉంది. మొదటి భాగం చివర మిల్లు యజమాని తన ఇంటి లిఫ్ట్‌లో శవమై దొరికాడు. లిఫ్ట్‌కి గడియ లోపలి నుంచి వేసి ఉంది. ఆ తర్వాత ఏమైందో రెండో భాగంలో ఉంది. రెండో భాగం కేంద్ర గ్రంథాలయంలో ఉంది. బజారులో దొరకడం ఎప్పుడో మానేసింది.

ఆపరేషన్ గురువారం. ఆసుపత్రివాళ్లు ముందుగానే చేర్చుకుని, సమ్మతి పత్రం మీద సంతకం అడిగారు. అత్తగారు పెన్ను తీసుకుని, మూత పెట్టి పక్కన పడేశారు.

“హంతకుడెవరో తేలాకే సంతకం.”

“ఇదేం పంతం అత్తయ్యా? గుండెకి సంబంధించిన విషయం,” అంది కోడలు.

“నేను చెప్పేదీ గుండెకి సంబంధించిందేనే. మత్తిచ్చాక లేస్తానో లేవనో ఆ డాక్టరే చెప్పలేకపోతున్నాడు. లేవలేదనుకో. పైన మీ మామయ్యగారు కూర్చుని ఉంటారు, ఏమిటి విశేషాలని అడుగుతారు. సగం కథ చెప్పి నోరు మూసుకోమంటావా?”

“పోనీ, చదివినవాళ్లని ఎవరినైనా కనుక్కుని చెప్పేస్తాను.”

“చెప్పి చూడు. ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు నీకూ నాకూ మాటలుండవు. నా కళ్లతో నేనే చదవాలి.”

సర్జన్ కూడా వచ్చి నచ్చజెప్పాడు. ఈ గురువారం తప్పితే మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. అందాకా గుండె కొట్టుకుంటుందన్న హామీ కూడా లేదన్నాడు. అత్తగారు అంతా శ్రద్ధగా విని, “లిఫ్ట్ గడియ లోపలి నుంచి ఎలా వేసి ఉంటాడంటారు?” అని అడిగారు. సర్జన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. (ఆ సాయంత్రం ఆయన మిగతా రోగుల్ని కూడా ఇదే ప్రశ్న అడిగాడని నర్సులు చెప్పుకున్నారు.)

కోడలు గ్రంథాలయానికి పరిగెత్తింది.

కేటలాగు మేడమ్ అరల దగ్గర దుమ్ము దులుపుతున్నారు. ఆవిడ చేతిలో ఎర్ర అట్ట పుస్తకం. దాని మీద నవల పేరు, కింద ‘రెండవ భాగం’.

“మేడమ్, ఆ పుస్తకం ఇవ్వండి చాలు, మీకు దండం పెడతాను,” అంది కోడలు.

“ఏ పుస్తకం?” అన్నారు మేడమ్, దాని వెన్ను తుడుస్తూ.

“మీ చేతిలో ఉన్నదే.”

“నా చేతిలో ఏం లేదమ్మా. రికార్డు మారేదాకా ఏమీ ఉండదు. నా మీద కస్సుమంటే ఏం లాభం? నాకు మాత్రం సరదానా? పైన ఒకాయన ఉన్నాడు, వెళ్లి ఆయన్ని అడుగు.”

పై అంతస్తులో ఉన్నది పరివర్తన అధికారి. చాలా శాంతమూర్తి. బల్ల మీద ఏ వస్తువు పెట్టినా దానికి రికార్డు ఉండాలన్నది ఆయన నియమం కాబట్టి బల్ల నున్నగా మెరుస్తోంది. టీ కప్పు మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన రికార్డు తెరిచి చూపించాడు. అన్ని గడులూ నిండాయి. ఒక్కటే మిగిలింది. ముఖ్య ఘటన: హత్య. బాధ్యులు: ఖాళీ.

“ఇక్కడ హంతకుడి పేరు పడితే రికార్డు పచ్చబడుతుంది. పచ్చబడిన మరుక్షణం పుస్తకం మీదేనమ్మా.”

“ఎవరైనా చదివి ఆ పేరేదో వేసేయండి సార్.”

“చదవాలంటే పుస్తకం ఉండాలి. పుస్తకం ఉండాలంటే రికార్డు మారాలి.”

“మేడమ్‌గారు నిలబడే చివరి పేజీ తిరగేస్తే?”

“లేని పుస్తకానికి చివరి పేజీ ఎక్కడిదమ్మా?” అన్నాడు ఆయన, ఎంతో దయగా.

కోడలు ఆపరేషన్ సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. అధికారి కదిలిపోయాడు. అప్పటికప్పుడు ‘హంతక నిర్ధారణ సంఘం’ ఏర్పాటు చేశాడు. అధ్యక్షుడు తానే. సభ్యులు కేటలాగు మేడమ్, బైండింగ్ పెద్దాయన, ఒక ఆడిటర్. పాఠకుల ప్రతినిధిగా కోడలు.

అనుమానితుల వివరాలు మొదటి భాగం రికార్డులో ఉన్నాయి. మేనకోడలు, సెక్రటరీ, కుటుంబ వైద్యుడు, వంటమనిషి. సంజాయిషీ చెప్పుకోమంటూ నలుగురికీ, నవల్లో ఉన్న చిరునామాకే, నోటీసులు వెళ్లాయి. అలాంటి వీధి ఊళ్లోనే లేదని పోస్ట్‌మన్ తిరిగొచ్చాడు.

“అంటే అందరూ పరారీలో ఉన్నారు,” అని అధికారి మినిట్స్‌లో రాయించాడు.

చర్చ వాడిగా సాగింది.

“నన్నడిగితే మేనకోడలే,” అన్నారు మేడమ్. “శవాన్ని చూసి ఏడవబోతూ ముందు అద్దంలో చూసుకుంది. నా ఆడపడుచూ అంతే.”

“వైద్యుడండీ,” అన్నాడు బైండింగ్ పెద్దాయన. “మొదటి భాగానికి ఎన్నోసార్లు కుట్టు వేశాను. వాడి పేరున్న పేజీలే నలిగిపోయి వస్తాయి. జనానికి వాడి మీదే గురి.”

ఆడిటర్ గొంతు సవరించుకున్నాడు. మేనకోడల్ని హంతకురాలిగా వేస్తే బంధుత్వాల గడులన్నీ మళ్లీ నింపాలన్నాడు. సెక్రటరీకి భార్యాబిడ్డలున్నారని, వైద్యుడికి తమ్ముడున్నాడని గుర్తు చేశాడు. వంటమనిషికి ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక్క గడితో పోతుంది.

“వంటమనిషి హత్యకు ముందే జ్వరమొచ్చి పోయాడు కదండీ!” అంది కోడలు.

“అది ఇంకా మంచిది. అభ్యంతరం చెప్పడు,” అన్నాడు అధికారి.

ఓటింగుకు పెట్టారు. కోడలు గోడ గడియారం వైపు చూసింది. తర్వాత మేడమ్ ఒళ్లో ఉన్న ఎర్ర అట్ట వైపు చూసింది. ఎవడైతే నాకేంటి అనుకుని చెయ్యెత్తింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. రికార్డు పచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పుస్తకం వెంటనే ఇవ్వలేదు. రికార్డుతో రూపాన్ని సరిపోల్చి చూసే పని ఒకటి ఉందట. బుధవారం పొద్దెక్కాక గానీ పుస్తకం కోడలి చేతికి రాలేదు. ఇస్తున్నప్పుడు కేటలాగు మేడమ్ ఆమె మొహంలోకి చూడలేదు. పుస్తకం కొంచెం పల్చబడినట్టు కోడలికి అనిపించింది గానీ, ఆనందంలో పట్టించుకోలేదు.

అత్తగారు మంచం మీద దిండుకు ఆనుకుని మొదలుపెట్టారు. భోజనం వద్దన్నారు. బీపీ చూడటానికి వచ్చిన నర్సుని, “ఉండమ్మా, సెక్రటరీ అబద్ధమాడుతున్నాడు,” అని కసిరారు. సాయంత్రానికి డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పిలిచి తలుపులు వేయించాడు. అత్తగారు పేజీ తిప్పారు.

తర్వాతి పేజీ లేదు. దాని స్థానంలో చిన్న చీటీ అంటించి ఉంది.

‘చివరి అధ్యాయం రికార్డుతో విభేదించినందున తొలగించబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. హంతకుడు: వంటమనిషి.’

వార్డు వార్డంతా ఉలిక్కిపడేలా అత్తగారు కేకేశారు. “వంటమనిషా? చచ్చి మట్టైపోయినవాడు లేచొచ్చి లిఫ్ట్ గడియ వేశాడా? ఏ బుర్రలేని దద్దమ్మ తేల్చాడే ఇది?”

“ఎవరో అధికారులట, అత్తయ్యా,” అంది కోడలు, కుడిచెయ్యి వెనక్కి దాచుకుని.

సమ్మతి పత్రం మళ్లీ పక్కకు పోయింది.

గురువారం గ్రంథాలయం తలుపులు తీసేసరికి కోడలు గుమ్మంలో ఉంది. కేటలాగు మేడమ్ ఆమెని మూలగదిలోకి తీసుకెళ్లారు. అక్కడ గోనెసంచులు, వాటి మీద ‘విభేదించిన సామగ్రి’ అన్న చీటీలు. రికార్డుతో పేచీ పెట్టుకున్నవన్నీ అందులోకి వస్తాయి. ఒక అట్లాసులోంచి తీసేసిన సముద్రం పైకి తేలి కనిపిస్తోంది.

“చదివాక నాకు నిద్ర పట్టలేదమ్మా,” అన్నారు మేడమ్ నెమ్మదిగా. “ఎంత బాగా ముడి విప్పాడనుకున్నావు! రికార్డు మార్చండి సార్ అన్నాను. పచ్చబడిన రికార్డు మారదట. పుస్తకం మారాలిట. బైండింగ్ పెద్దాయన చేత కోయించారు.”

“ఎలాగైనా ఇప్పించండి మేడమ్. మధ్యాహ్నమే ఆపరేషన్.”

“ఇవ్వడానికి ఈ సంచుల్లో ఏమీ లేదు కదా. లేనిదాన్ని ఎవరైనా పట్టుకుపోతే దొంగతనం కిందకి వస్తుందా అని పైకి రాశాను. జవాబు రాలేదు.” ఆ మాట చెప్పి మేడమ్ కిటికీ వైపు తిరిగి, బయట ఏదో మహా ముఖ్యమైనది జరుగుతున్నట్టు చూడసాగారు.

కోడలు సంచిలో చెయ్యి పెట్టింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. “ఏంటమ్మా అది, కొంగు కింద?”

“ఏమీ లేదు.”

వాచ్‌మన్ తన మెషీన్‌ని కాగితాల మీద తిప్పి తిప్పి చూశాడు. మెషీన్ కుయ్యిమనలేదు. “నిజమే, ఏమీ లేదు,” అని ఒప్పుకుని, గేటు తీసి సలాం కొట్టాడు.

ఆటోవాడిని తిట్టీ, బతిమాలీ ఆమె ఆసుపత్రికి చేరింది. అత్తగారు ఎవరితోనూ మాట్లాడకుండా అధ్యాయం పూర్తి చేశారు. లిఫ్ట్ గడియ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కసారి తొడ మీద చరుచుకున్నారు. తర్వాత కళ్లద్దాలు తీసి, తుడిచి, గట్టిగా ఊపిరి వదిలారు. (హంతకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. కావలసినవారు చదువుకోవచ్చు. చివరి అధ్యాయం లభ్యం కాదు.)

“ఏదీ, ఆ పెన్నిలా ఇవ్వు,” అన్నారు. ఠీవిగా సంతకం చేశారు. “ఇక కోసుకుంటే కోసుకోమను. నాకు ఏ బెంగా లేదు.”

కోడలు ఆ పత్రాన్ని పరుగున తీసుకెళ్లి కౌంటరులో ఇచ్చింది. కౌంటరు అమ్మాయి స్క్రీన్ చూసి, చిరునవ్వు నవ్వింది.

“ఇదెందుకండీ? మీ అత్తయ్యగారి ఆపరేషన్ అయిపోయింది కదా.”

“ఎప్పుడు?”

“ఈ రోజే. బాగా జరిగింది కూడా.”

ఈ వారమే ఆసుపత్రి కూడా రోగుల రికార్డుల్ని కొత్త ఫార్మాట్‌కి మార్చుకుంది. తేదీ గడి ఖాళీగా ఉండరాదు కనుక గురువారం వేశారు. ఫలితం గడి కూడా ఖాళీగా ఉండరాదు. ‘విఫలం’ అని వేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

సర్జన్‌ని పిలిచారు. “నేనింకా చేతులే కడుక్కోలేదు!” అని ఒంటికాలి మీద లేచాడు. అప్పటికే థియేటర్ ఇంకో రోగికి ఇచ్చేశారు. పైవాళ్ల నుంచి సర్జన్‌కి అభినందనలు కూడా వచ్చేశాయి.

“మళ్లీ చేయాలంటే మొదటిది పాడైందని మీరు రాసివ్వాలి సార్,” అంది కౌంటరు అమ్మాయి.

“చేయనిదాన్ని పాడుచేశానని నేనెలా రాయనమ్మా? నా పేరేం కావాలి?” అన్నాడు సర్జన్. మాట బాగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

మంచం ఖాళీ చేయమని వార్డులోకి కబురొచ్చింది. అత్తగారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కోడలి భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందికి దిగారు. గుమ్మం దగ్గర డిశ్చార్జి కాగితం చేతికిచ్చారు. దాని అడుగున ఇలా ఉంది:

‘వచ్చే గురువారం కుట్లు విప్పబడును. రోగి కుట్లతో రావలెను.’