ఇనుప ఉరుము పూర్వ చరిత్ర

కోడలికి ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ భయం నిశ్శబ్దం. పదకొండు నెలల కూతురు ఏడిస్తే ఆమెకు బెంగ లేదు. ఏడుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే కదా. పిల్ల చప్పుడు చేయకుండా పడుకుంటేనే ఆమె ప్రాణం గిలగిల్లాడేది. చేతిలో గరిటె చేతిలోనే ఉండగా పరుగెత్తి, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చగా తగిలాక గానీ తన ఊపిరి తను పీల్చుకునేది కాదు.

అదృష్టం కొద్దీ ఆ ఇంట్లో నిశ్శబ్దం అరుదు. ఆమె భర్త పగలంతా వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు, సాయంత్రాలు డ్రమ్ములు వాయిస్తాడు. వెనక షెడ్డులో నలుగురు చేరి, ఎనభైల నాటి హార్డ్ రాక్ పాటలను, ఎవరో ఎప్పుడో పాడి వదిలేసినవాటిని, రేకులు లేచిపోయేలా మళ్ళీ పాడతారు. బృందం పేరు ఇనుప ఉరుము. పొద్దున మెషీన్ల పైపుల్లోంచి గుండీలు ఏరిన చేతులే సాయంత్రానికి పిడుగులు కురిపిస్తుంటే, తలుపు సందులోంచి చూసే ఆమెకు ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడిచేది. పిల్ల నిద్రపోయేది కూడా ఆ మోతలోనే. జోలపాటకు కళ్ళు విప్పేది, డ్రమ్ములకు మూసేది.

ఆ శనివారం పొద్దున భర్త పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాడు. సాయంత్రం ఆరింటికి కొత్త హాలు ప్రారంభం. మొదటి కచేరీ ఇనుప ఉరుముదే.

"ఇది నింపి నాలుగింటిలోపు హాలు మేనేజరుకి ఇచ్చెయ్. నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. నా రాత చూస్తే నాకే చదవబుద్ధి కాదు."

"నేనా? తొమ్మిదో తరగతితో ఆపేసినదాన్నండీ!"

"నలుగురికీ తలా నాలుగు ముక్కలు, అంతే. పోయినసారి ఏడుగురొచ్చారు చూడ్డానికి. అందులో నలుగురు మన చుట్టాలే. ఈసారీ అంతేనంటే డ్రమ్ములు ఎత్తుకెళ్ళి బడికిచ్చేస్తా. మాటంటే మాటే."

అతను వెళ్ళిపోయాడు. డ్రమ్ములు లేని ఇల్లు ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఆ ఇంట్లో పిల్ల నిద్రపోదు. పోయినా ఆ నిశ్శబ్దంలో తను నిద్రపోదు. కాగితం విప్పింది. పైన ఒకే వరుస ఉంది: 'సభ్యుల పూర్వ చరిత్ర.'

ఆమె మొహం విప్పారింది. ఈ మాట ఆమెకు కొట్టిన పిండి! పిల్లల ఆసుపత్రి కార్డు మీద రెండో గడి అదే కదా. ఏమేం జబ్బులు వచ్చాయి, ఎప్పటినుంచి, ఎవరినుంచి అంటుకున్నాయి, ఏ మందులు వాడారు. పదకొండు నెలల్లో ఆ గడిని ఇరవై రెండుసార్లు నింపింది. 'ఎంత ముందుచూపు వీళ్ళకి! అంత మోతలో నిలబడేవాళ్ళ ఆరోగ్యం కనుక్కోవద్దూ మరి' అని మెచ్చుకుని, పిల్లను చంకనేసుకుని, ముందుగా లీడ్ గిటారు అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన లిఫ్టు మెకానిక్. ఎక్కడో రెండు అంతస్తుల మధ్య వేలాడుతూ ఎత్తాడు.

"అన్నయ్యా, హాలువాళ్ళు రాసిమ్మన్నారు. మీకిది ఎప్పుడు మొదలైంది?"

గిటారు గురించి ఆయన్ని జీవితంలో ఎవరూ అడగలేదు. చేతిలో పానా పక్కన పెట్టేశాడు. "పదమూడో ఏట పట్టుకుందమ్మా. ఇంక వదల్లేదు."

"ఎవరినుంచి అంటుకుందో?"

"మా మేనమామ నుంచి. ఆయన దాంతోనే పోయాడు, చేతిలో పట్టుకునే."

ఆమె పిల్లను గట్టిగా హత్తుకుంది. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా చెల్లికి కాస్త వచ్చింది. పెళ్ళయ్యాక తగ్గిపోయింది."

"నొప్పి?"

"మొదట్లో వేళ్ళు పగిలి రక్తం కారేది. ఇప్పుడు మొద్దుబారిపోయాయి."

"మరి మందేం వాడలేదా?"

"మా నాన్న బెల్టు వాడాడు తల్లీ. పని చెయ్యలేదు."

ముత్యాల్లాంటి అక్షరాలు తడబడ్డాయి. తర్వాత ఫోన్ బేకరీకి. గాయకుడు అక్కడ పొయ్యి దగ్గర పనిచేస్తాడు. జుట్టు చూసి అందరూ 'సింహం' అంటారు.

"నాకా? పదిహేడేళ్ళప్పుడమ్మా. పొయ్యిలోంచి తీసిన పళ్ళెం కింద పెడితే చూసుకోకుండా కాలేశా. అప్పుడొచ్చింది మొదటిసారి. మూడు వీధుల జనం బయటికి పరుగెత్తుకొచ్చారు. మన లిఫ్టాయన కూడా ఆ పరుగెత్తినవాళ్ళలోనే ఉన్నాడు. వచ్చి మంచినీళ్ళివ్వలేదు సరికదా, 'ఇంకోసారి రానీ, శ్రుతి చూసుకుంటా' అన్నాడు."

"ఇప్పటికీ వస్తోందా అన్నయ్యా?"

"శనివారాలు తప్పనిసరిగా. ఆ పళ్ళెం తల్చుకుంటే చాలు. ఇంక నా చేతిలో ఉండదు."

మిగిలింది బేస్ గిటారు. అది సాక్షాత్తూ అత్తగారు. నలుగురికీ నల్ల కోట్లు కుట్టి పెట్టిన దర్జీ ఆవిడే. బేస్ వాయించడానికి ఎవరూ దొరక్కపోతే, "నాలుగు తీగలేగా, మిషను దారం కంటే మూడు ఎక్కువ" అని రంగంలోకి దిగింది.

"అత్తయ్యా, మీ పూర్వ చరిత్ర చెప్పండి."

"నాకేం చరిత్రే? ముప్పై ఏళ్ళు కుట్టుమిషను మోతలో ఉండి ఎడమ చెవి పోయింది. అందుకే మావాడి డ్రమ్ములకు కుడిపక్కన నించోగలుగుతున్నా. రెండు చెవులూ ఉన్న మనిషి నించోలేడు."

"మరి ఆయనకు?"

"పుట్టుకతోనే అమ్మాయ్. కడుపులో ఉన్నప్పుడే నాలుగు తన్ని ఆగేవాడు. మళ్ళీ నాలుగు. డాక్టరు కూడా కాలు ఆడించాడు."

ఆమె అంతా పొందిగ్గా రాసింది. మళ్ళీ ఒకసారి చదువుకుంది. నలుగురికీ అదే, ఒక్కరికీ నయం కాలేదు! చివర్న ఆసుపత్రి కార్డు మీద ఎప్పుడూ రాసే వరుస కూడా చేర్చింది: 'ఇంట్లో పదకొండు నెలల పాప ఉంది. దయచేసి ఒకసారి చూడగలరు.'

నాలుగింటికి పది నిమిషాలుందనగా, పిల్లను బండిలో తోసుకుంటూ వెళ్ళి కాగితం మేనేజరు చేతికిచ్చింది. ఆయన మొదటి రెండు వరుసలు చదివి, కాగితాన్ని బల్ల మీద వదిలేసి, చెయ్యి కోటుకి తుడుచుకున్నాడు.

"ఇది... గాల్లో కూడా వ్యాపిస్తుందా అమ్మా?"

"మా వీధి చివరిదాకా వినిపిస్తుందండీ," అంది ఆమె అమాయకంగా.

కచేరీ ఆపుదామంటే గోడల నిండా పోస్టర్లు అంటించేశారాయె. మేనేజరు చేయగలిగింది చేశాడు: ముందు మూడు వరుసలకు తాడు కట్టించి, ఒక నర్సమ్మను పిలిపించి కూర్చోబెట్టాడు. తాడెందుకని దారినపోయే మనిషి అడిగితే కాపలాదారు, "ఏమోనయ్యా, ఇనుప ఉరుమంట. ముందు కూర్చుంటే ప్రమాదమంట," అన్నాడు. ఆ మాట వీధి దాటేసరికి, పోయినసారి ముందు వరుసవాళ్ళను మంచాల మీద మోసుకెళ్ళారట. అయిదింటికల్లా గోడే కూలిందట. అయిదున్నరకు హాల్లో నిలబడే చోటు లేదు.

భర్త డ్రమ్ములు మోసుకుంటూ వచ్చి, జనాన్ని చూసి గుమ్మంలో కొయ్యబారిపోయాడు. "ఏం రాశావే నువ్వు?"

"మీరు చెప్పిందే. ఎవరికి ఏ జబ్బు, ఎప్పుడు అంటుకుంది..."

"జబ్బా! పూర్వ చరిత్రంటే జబ్బేంటే? ఎలా నేర్చుకున్నారు, ఎంత గొప్పవాళ్ళు... వేదిక మీద చదివి వినిపించడానికే అది!"

ఇందరు జనం, తొమ్మిదో తరగతి తెలివి, వేదిక మీద! బండిని తోసుకుంటూ మేనేజరు గదికి పరుగెత్తింది. బల్ల ఖాళీ. కాగితం కోసం ఆరింటిదాకా వెతికి, బండితో హాలు పక్కగుమ్మంలోకి వచ్చేసరికి వ్యాఖ్యాత అప్పటికే దానితో దీపాల వెలుగులోకి నడిచాడు. ఆయనది గుహలోంచి వచ్చే గొంతు. బస్సుల వేళలు చదివినా జనం లేచి నిలబడతారు.

"లీడ్ గిటారు," అన్నాడాయన. "పదమూడో ఏట మేనమామ నుంచి అంటుకుంది. ఆయన దాంతోనే పోయాడు. వేళ్ళు పగిలి రక్తం కారేది. తండ్రి బెల్టుతో వైద్యం చేశాడు." ఆగాడు. "నయం కాలేదు."

హాలంతా ఒక్క ఊపిరి లోపలికి పీల్చుకుంది.

"గాయకుడు. కాలుతున్న పళ్ళెం మీద అడుగు వేసినప్పుడు మొదలైంది. మూడు వీధుల జనం పరుగెత్తారు. ఇప్పుడు శనివారాలు వస్తోంది. ఆపడం ఆయన చేతిలో లేదు."

"ఇవాళ శనివారమే!" అన్నారెవరో వణికే గొంతుతో.

"బేస్ గిటారు. మోతలో ఎడమ చెవి పోయింది. ఇంకో చెవి మిగిలి ఉంది. డ్రమ్ములు. పుట్టుకతోనే ఉంది. తల్లి కడుపులో నాలుగేసి తన్నేవాడు." వ్యాఖ్యాత గొంతు ఇంకా కిందికి దిగింది. "ఇంట్లో పదకొండు నెలల పాప ఉంది. దయచేసి ఒకసారి చూడగలరు."

అంతే. గుండుసూది పడితే వినిపించే నిశ్శబ్దం. కోడలు జీవితమంతా భయపడిన నిశ్శబ్దం హాలు నిండా నిలబడి, అన్ని తలలతోనూ ఆమె వైపు తిరిగింది. ఆమె కళ్ళు మూసుకుంది. పాత అలవాటు కొద్దీ వేలు పిల్ల ముక్కు కిందికి వెళ్ళింది.

పిల్ల ఆ వేలు తోసేసి, చేతిలో చెంచాతో బండి అంచు మీద కొట్టింది. టక్. టక్. టక్. టక్. నాలుగు కొట్టి ఆగింది.

ప్రతి పాటకు ముందు తండ్రి పుల్లలతో కొట్టే లెక్క అదే. వేదిక మీద డ్రమ్ముల వెనక కూర్చున్న అతనికి ఇంక ఆలోచించే పనిలేదు. చేతులు వాటంతటవే లేచాయి. ఉరుము విరుచుకుపడింది. అత్తగారు అరంగుళం కూడా కదలకుండా నాలుగు తీగలతో నేలను కుట్టేస్తుంటే, లిఫ్టాయన మొద్దుబారిన వేళ్ళు మెరుపుల్లా పరుగెత్తాయి. సింహం కళ్ళు మూసుకుని ఆ పళ్ళేన్ని తల్చుకుంది. వచ్చిన కేక విని మూడు వీధులు కాదు, హాలంతా తాడు తెంచుకుని ముందుకే పరుగెత్తింది. బెల్టు దెబ్బలు, కాలిన పాదం, పోయిన చెవి అన్నీ పాటై తిరిగొస్తుంటే కోడలు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. తలుపు సందులోంచి కాకుండా చూడటం ఆమెకు అదే మొదలు.

మూడో పాటకు మేనేజరు చెమటలు కక్కుతూ, తల ఊపుతూ వచ్చాడు. "అంటువ్యాధేనమ్మా, సందేహం లేదు. నాక్కూడా పట్టుకుంది. వచ్చే నెల నాటకం వాళ్ళున్నారు, వాళ్ళ జబ్బులు కూడా నువ్వే రాసిపెట్టాలి!"

నర్సమ్మ మాత్రం తన పని మరిచిపోలేదు. కుర్చీ దిగి వచ్చి బండిలోకి వంగి చూసింది. పిల్ల ఆదమరచి నిద్రపోతోంది. డ్రమ్ములు బడికి వెళ్ళలేదు. వెళ్తాయని భర్త అన్నట్టు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా లేదు, ముఖ్యంగా భర్తకి.

ఉరుములో నిద్రపోయే పిల్ల గురించి ఇంక బెంగ లేదు గానీ, ఇంతసేపూ మీరు కథలో పడిపోయారు; మీ పక్కగదిలో ఎవరైనా మరీ చప్పుడు లేకుండా ఉంటే, దయచేసి ఒకసారి చూడగలరు.